చిన్న రైలు కూతతో ఫ్యూచరిస్ట్ పోస్టర్: తెలుగు అక్షరాలతో చేసే పద్ధతి

పెళ్ళి కార్డులు, పూజా కమిటీ బ్యానర్లు చేసి చేసి, ఎప్పుడో ఒకప్పుడు మనకోసం మనం ఏటైనా చేసుకోవాలనిపిస్తాది కదా, మా పర్లాకిమిడి (ఒడిశా) వైపు అలాంటి కుర్రోళ్ళు చాలామందే ఉన్నారు. అక్షరాలతో ఆర్ట్ ఎక్కడ మొదలెట్టాలని ఎవరడిగినా నేను ఇటలీ ఫ్యూచరిజం అనే కళా ఉద్యమం పేరే చెప్తాను. ఎందుకంటే వాళ్ళు అక్షరాన్ని చప్పుడుగా చూశారు, మరి తెలుగులో చప్పుడు మాటలకి కొదవేటి? గలగల, జలజల, చిటపట, దబదబ, ధడేల్‌మని, పొద్దున లేస్తే మన నోట్లో ఇవే ఆడతాయి.

కథ కొంచెం తెలుసుకోండి, పనికొస్తాది. 1909 ఫిబ్రవరి 20న పారిస్ పత్రిక లె ఫిగారో మొదటి పేజీలో మారినెట్టి అనే ఇటాలియన్ కవి ఫ్యూచరిజం ప్రకటన వేయించాడు, వేగం, యంత్రం, నగరం, ఇవే వాళ్ళ దేవుళ్ళు. 1913లో ఇంకో ప్రకటనలో వ్యాకరణం తెంపేసి మాటల్ని స్వేచ్ఛగా వదిలేయండి అన్నాడు, అవసరమైతే ఒకే పేజీలో మూడు నాలుగు రంగుల సిరా, 20 రకాల టైపు వాడతాం, పరిగెత్తే వాటికి ఇటాలిక్, గట్టి చప్పుళ్ళకి బోల్డ్ అని కూడా అందులోనే ఉంది. 1914లో వచ్చిన జాంగ్ టుంబ్ టుంబ్ పుస్తకంలో అడ్రియనోపుల్ నగరం (ఇప్పటి టర్కీలో ఎడిర్నె) ముట్టడిలో ఫిరంగుల మోతని సీసం అక్షరాలతో పేజీ మీద పేల్చి చూపించాడు. ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి, వీళ్ళు యుద్ధాన్ని మెచ్చుకున్నారు, మారినెట్టి తర్వాత ముసోలినీ పక్కన నిలబడ్డాడు. అది మనకి అక్కర్లేదు, పేజీ మీద వాళ్ళు చేసిన పని ఒక్కటే తీసుకుందాం.

అందుకే ఫిరంగి వద్దు, రైలు తీసుకుందాం. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో పడిన చిన్న రైలు, రెండున్నర అడుగుల గేజి (పట్టాల మధ్య దూరం), తర్వాత గుణుపురం దాకా పొడిగించారు, 2004లో ఆపేసి బ్రాడ్‌గేజ్ చేశారు. మన ఇళ్ళల్లో పెద్దోళ్ళెవర్నైనా ఆ రైలు చప్పుడు చేసి చూపించమనండి, ఒక్కొక్కరు ఒక్కోలా చేస్తారు, అదే మీ మెటీరియల్.

ముందు కంప్యూటర్ ముట్టుకోవద్దు. కాగితం తీసుకుని రైలు కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా వచ్చే చప్పుళ్ళు వరసగా రాయండి. కూ, ఛుక్... ఛుక్..., గడగడ, వంతెన మీద ధడధడ, బ్రేకు పడితే కీచుమని. మధ్యలో స్టేషన్ పేర్లు, టెక్కలి, టెంబూరు, పాతపట్నం. ఇప్పుడు పైకి చదవండి, ఏది గట్టిగా వస్తాది, ఏది సాగుతాది, ఎక్కడ ఊపిరి ఆగుతాది అని పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. లేఅవుట్ సగం ఇక్కడే అయిపోతాది.

అసలు విషయం ఇప్పుడు. ఇంగ్లీషు, ఇటాలియన్ పోస్టర్లు చూసి చాలామంది ఏం చేస్తారంటే తెలుగు అక్షరాన్ని కూడా పలకలు పలకలుగా కోసి నిలువు గీతలు పెట్టేస్తారు, అప్పుడది తెలుగూ కాదు ఫ్యూచరిజమూ కాదు. వాళ్ళకి బోల్డ్ కావాల్సి వచ్చింది ఎందుకంటే వాళ్ళ అక్షరంలో చప్పుడు బరువు చూపించే గుర్తు లేదు. మనకి ఉంది. ద కింద చిన్న నిలువు గీత పడితే ధ, చ కింద పడితే ఛ, ఊపిరంతా ఆ గీతలోనే ఉంది. మరి ధడధడ రాసేటప్పుడు అక్షరం మొత్తం లావు చేసేయడమెందుకు, ఆ గీత ఒక్కటీ మందంగా చేసి కిందకి దింపండి, ఎర్ర రంగు వేయండి, పక్కపక్కన నాలుగు ధ లు పడేసరికి ఆ గీతలు పట్టాల కింద స్లీపర్లలా కనిపిస్తాయి. అలాగే ఛుక్ లో క్ మీద పొల్లు, అది పైకి లేచే గుర్తు, ప్రతి ఛుక్‌కీ దాన్ని కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే పేజీ పైన పొగ వరస దానంతటదే తయారవుతాది, పొగ బొమ్మ విడిగా గీయక్కర్లేదు.

ఇక కూ. ఈ ఒక్క అక్షరం మీద ఓపిగ్గా కూర్చోండి, పోస్టర్‌కి ప్రాణం ఇదే. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరుకుతాది, తెలుగు యూనికోడ్ ఒత్తులూ గుణింతాలూ సరిగ్గానే చూపిస్తాది (పాత ఫోటోషాప్ అయితే టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఆన్ చేయాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి). కూ అని పెద్దగా టైప్ చేసి ఆబ్జెక్ట్ టు పాత్ కొట్టి (అప్పుడు అక్షరం టైపు కాకుండా గీతల బొమ్మ అయిపోతాది) అన్‌గ్రూప్ చేయండి. కొన్ని ఫాంట్లలో కొమ్ము దీర్ఘం విడిగా వస్తాది, కొన్నిట్లో క తో అతుక్కునే వస్తాది, ఏదైనా పర్లేదు. నోడ్ టూల్ తీసుకుని దీర్ఘం చివర ఉన్న నోడ్లు (గీత మీద కనిపించే చిన్న చుక్కలు) మాత్రమే సెలెక్ట్ చేసి, కంట్రోల్ పట్టుకుని కుడివైపు లాగండి, పేజీ అంచుదాకా లాగినా ఏమీ కాదు. మొత్తం అక్షరాన్ని పట్టుకుని సాగదీస్తే క కూడా చపాతీలా అయిపోతాది, గీతల మందం పాడైపోతాది, అది చేయొద్దు. తోక మొదట్లో మందంగా, చివరికి వెంట్రుకంత సన్నంగా రావాలి, పై అంచు నోడ్లు, కింది అంచు నోడ్లు మెల్లగా దగ్గరికి తెండి. కూత దూరమైపోవడం అలా కంటికి తెలుస్తాది.

ఫాంట్ సంగతి. గట్టి చప్పుళ్ళకి రామభద్ర బాగుంటాది. గడగడ లాగా మెల్లగా మొదలై పెరిగే వాటికి అనేక్ తెలుగు వాడండి, అందులో సన్నం నుంచి బాగా లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా అన్నీ ఉన్నాయి, ఒక్కో గడకీ ఒక మెట్టు పెంచుకుంటూ వెళ్ళొచ్చు. గిడుగు అని కూడా ఒక ఫాంట్ ఉంది గూగుల్ ఫాంట్స్‌లో, గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలోనే పంతులుగారిగా చేశారు, నోటితో మాట్లాడేదే రాయాలని పోరాడిన మనిషి. చప్పుడు మాటల పోస్టర్‌లో ఆయన పేరున్న ఫాంట్ ఒక్క చోటైనా పెట్టాలని నాకు ఉంటాది, స్టేషన్ పేర్లకి పెట్టండి. మారినెట్టి 20 రకాలు అన్నాడు కదా అని నిజంగా 20 పెట్టేయకండి, మూడు చాలు.

పేజీ మీద పెట్టేటప్పుడు ఒక ఏటవాలు గీత ఊహించుకోండి, ఎడమ కింద నుంచి కుడి పైకి, 12, 15 డిగ్రీలు సరిపోతాది. చప్పుళ్ళన్నీ దాని మీద పరిగెత్తాలి, స్టేషన్ పేర్లు మాత్రం చిన్నగా, నిటారుగా, కదలకుండా ఉండాలి. ఎందుకంటే ఏదో ఒకటి నిలబడి ఉంటేనే రెండోది పరిగెత్తుతున్నట్టు ఉంటాది. పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ తేడా భయపడకుండా పెట్టండి, పదింతలున్నా పర్లేదు. రంగులు నలుపు, ఎరుపు, కాగితం తెలుపు, అంతే.

అక్షరాల మీద అక్షరాలు ఎక్కించొచ్చు గానీ గుర్తు పట్టే చోటు మాత్రం మూసేయకండి. ప, ష, ఫ మూడిటికీ ఒళ్ళు ఒకటే, లోపలి గీతో కింది గీతో కప్పేస్తే ఒకటి ఇంకోటైపోతాది. ఇంక్‌స్కేప్‌లో బ్రేక్ అపార్ట్ కొడితే అక్షరం లోపలి ఖాళీలు కూడా నిండిపోతాయి, అప్పుడు లోపలిదీ బయటిదీ కలిపి సెలెక్ట్ చేసి కంబైన్ కొట్టాలి.

మన ఊళ్ళో బోర్డుల మీద ఒడియా, తెలుగు పక్కపక్కనే ఉంటాయి కదా, పోస్టర్‌లో కూడా ఊరి పేరు రెండు లిపుల్లో పెడితే మన చోటు అని తెలుస్తాది. అనేక్ ఒడియా అదే కుటుంబం ఫాంట్, మందం సరిపోతాది. ఒడియా అక్షరానికి బరువు పైనున్న వంపులో ఉంటాది, తెలుగుకి ఒత్తులు కిందకి దిగుతాయి, అందుకని పై అంచులు కలపకుండా అక్షరాల నడుములు ఒక వరసలోకి తెండి.

అయ్యాక జెరాక్స్ షాపులో ఏ3 నలుపు తెలుపు ప్రింటు తీసి గోడకి అంటించి, పోస్టర్ సంగతి తెలియని వాళ్ళని పిలిచి పైకి చదవమనండి. కూ దగ్గర గొంతు సాగదీశారా, ధడధడ దగ్గర గట్టిగా అన్నారా చూడండి, అనకపోతే ఆ చోటే మళ్ళీ సరిచేయాలి. ఫ్లెక్స్ షాపుకి ఇచ్చేముందు అక్షరాలన్నీ పాత్ చేసి, కత్తిరింపు కోసం చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ వదిలి పీడీఎఫ్ ఇవ్వండి, చాలా షాపుల్లో ఇంకా అనూ ఫాంట్లతోనే (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) నడుస్తాది, టైపు టైపుగానే ఇస్తే వాళ్ళ సిస్టంలో మీ కూ కాస్తా డబ్బాలైపోయి కూర్చుంటాది.