వైట్ రిమ్ రోడ్డుకు పికప్‌లో బయలుదేరే ముందు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, కాన్యన్‌ల్యాండ్స్ జాతీయ పార్కులో 100 మైళ్ల మట్టిదారి ఇది. వసంతంలో వెళ్లేవారు ఇవి చూసుకోండి.

• అన్నిటికంటే ముందు బరువు. డ్రైవర్ తలుపు అంచున పసుపు చీటీలో, బండి గరిష్ఠంగా ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె చదవండి. మనుషులు, నీళ్లు, ఫ్రిజ్, కొన్న తర్వాత బిగించిన షెల్ (వెనుక తొట్టిపై మూత), పైకప్పు గుడారం అన్నీ అందులోనే ఇమడాలి. లాగే శక్తి వేరు, మోసే శక్తి వేరు. గట్టి స్ప్రింగులు వేయించినా ఆ అంకె పెరగదు. బ్రేకులు, ఇరుసులు పాతవే కదా!

• మనిషికి రోజుకు కనీసం 4 లీటర్ల నీళ్లు. దారిలో తాగునీరు, పెట్రోలు దొరకవు.

• పెద్ద టైర్లు వేయించారా? స్పేర్ కూడా అదే సైజు ఉండాలి.

• షెల్ లోపల గ్యాస్ పొయ్యి, హీటర్ వెలిగించి నిద్రపోవద్దు. వాటి నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

• పగటి ప్రయాణానికైనా పర్మిట్ తప్పనిసరి.