హాలియాకలా సూర్యోదయానికి కారులో వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

హవాయిలోని మౌయీ దీవిలో సముద్రపు ఒడ్డు నుంచి 10,023 అడుగుల హాలియాకలా అగ్నిపర్వత శిఖరం దాకా రెండు గంటల్లో కారు ఎక్కేస్తుంది. ఒంటికి అలవాటయ్యే టైమ్ ఉండదు.

– ముందురోజు స్కూబా డైవింగ్ చేసుంటే కొండ మానుకోండి. కనీసం 24 గంటలు ఆగాలి. ఒంట్లో మిగిలిన నైట్రోజన్, పైన గాలి ఒత్తిడి తగ్గేసరికి బుడగలు కట్టి ప్రాణం మీదికి తెస్తుంది. బుకింగ్ డబ్బులు పోతే పోనివ్వండి.

– తెల్లవారుజామున 3 నుంచి 7 మధ్య ఈ కొండ ఉన్న నేషనల్ పార్కు లోపలికి వెళ్లాలంటే కారుకు ఆన్‌లైన్ రిజర్వేషన్ ముందే ఉండాలి. గేటు దగ్గర ఇవ్వరు. పార్కు టికెట్ వేరే.

– కింద చెమటలు, పైన వణుకు. మా అమ్మ చీర మీద శాలువా ఒక్కటే కప్పుకుంది. కాసేపటికే వేళ్లు కొంకర్లు పోయి ఫ్లాస్కు మూత కూడా తిప్పలేకపోయింది. స్వెటర్, సాక్స్, మంకీ క్యాప్ తప్పనిసరి.

– పార్కులో పెట్రోలు, తిండి దొరకవు.

– దిగేటప్పుడు లో గేర్. అదేపనిగా బ్రేక్ తొక్కితే వేడెక్కి పట్టు తప్పుతుంది.

– గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ముందే డాక్టర్ని అడగాలి. పైన తల తిరిగినా, ఆయాసం వచ్చినా ఫొటోలు వదిలేసి వెంటనే దిగిపోండి.