తైకో పాఠాలు – 3: ముందు నోరు, తర్వాత చేయి

పోయిన రెండు పాఠాల్లో తైకో (జపనీయుల డోలు) ముందు నిలబడటం, బాచి (డోలు కొట్టే కర్ర) పట్టుకోవడం చూశాం. ఎడమ కాలు ముందుకు పెట్టి, మోకాలు కాస్త వంచి, కుడి కాలు వెనక్కి చాచి, నడుము దించి నిలబడే పద్ధతి ఈపాటికి కొంచెం అలవాటై ఉంటుంది. తొడలు లాగుతుంటే కంగారు పడకండి, మొదటి నెలంతా అలాగే ఉంటుంది. మోకాలి కీలు నొప్పి పుడితే మాత్రం ఆ రోజుకి ఆపేయండి.

ఈ వారం బాచి పక్కన పెట్టేద్దాం. నాలుగు రోజులు చేతులకి పని లేదు. పనంతా నోటిదే.

ఎందుకో తెలియాలంటే ఒకసారి అసకుసా వెళ్లి రావాలి. నేనుండే నిషి కసాయ్ నుంచి అరగంట ప్రయాణం. టోక్యోలో పాతబస్తీ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ పేటే. సెన్‌సోజి గుడికి వెళ్లే దారి మొదట్లో కమినారిమోన్ ఉంటుంది, అంటే ఉరుముల ద్వారం. మధ్యలో వేలాడే ఎర్ర లాంతరు దాదాపు 4 మీటర్ల ఎత్తు, 700 కిలోల బరువు. అందరూ దాని కింద నిలబడి ఫోటో దిగి లోపలికి వెళ్లిపోతారు. మీరు వెళ్తే ఎడమ పక్కకి చూడండి. జాలీ వెనక ఉరుముల దేవుడు రైజిన్ ఉంటాడు. ఆయన వీపు వెనక వలయంగా చిన్న చిన్న తైకోలు. ఆ తైకోలు మోగితేనే ఉరుము అని అక్కడివాళ్ల నమ్మకం. తైకో నేర్చుకునేవాళ్లు దణ్ణం పెట్టుకోవాల్సిన దేవుడు ఆయనే అని నాకనిపిస్తుంది.

రెండేళ్ల కిందట వసంతకాలంలో ఒక ఆదివారం ఆ గుడి వెనక వీధిలో ఒక బృందం వాయించింది. నేను వాయించేవాణ్ణి కాదు, స్టాండ్లు మోసేవాణ్ణి. ఐదు నగాదోలు (పీపా ఆకారపు తైకోలు) ఏటవాలు స్టాండ్ల మీద, రెండు షిమెలు (సన్నని గొంతున్న చిన్న తైకోలు), వెనక ఒక ఓదైకో (అన్నిటికంటే పెద్ద తైకో). ఒక పెద్దాయన చేతిలో అతారిగనె, అంటే జింక కొమ్ము తలున్న చిన్న కర్రతో వాయించే ఇత్తడి గంట. సన్నని వీధి, రెండు పక్కలా చెక్క తలుపుల దుకాణాలు. మొదటి దెబ్బకే దుకాణం అద్దం జివ్వుమంది. నా చేతిలోని నీళ్ల సీసాలో నీళ్లు వణికాయి.

కానీ నాకు గుర్తుండిపోయింది ఆ దెబ్బ కాదు. పాట మధ్యలో ఒకచోట అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. నాకు అతి దగ్గరగా ఉన్న అమ్మాయి చేతిలో బాచి తోలుకి వేలెడు ఎత్తులో ఆగింది. మణికట్టు కదల్లేదు. తెల్ల గుడ్డ కట్టిన నుదుటి మీంచి చెమట చుక్క కనుబొమ్మ దాకా జారింది. ఆమె పెదాలు మాత్రం కదులుతున్నాయి. చప్పుడు లేకుండా, చాలా చిన్నగా: సు, సు, సు. నాలుగో లెక్కకి ఐదు బాచిలు ఒకేసారి పడ్డాయి. ఒక్కటి కూడా వెంట్రుకవాసి ముందు పడలేదు, వెనక పడలేదు.

ఆగినంతసేపూ ఆమె లోపల వాయిస్తూనే ఉంది. ఈ పాఠం దాని గురించే.

జపనీయులు ఈ ఖాళీని 'మా' అంటారు. ఆ మాట రాసే కంజి అక్షరంలో ఒక ద్వారం, ఆ ద్వారం సందులో సూర్యుడు ఉంటాయి. తలుపుల మధ్య నుంచి వెలుగు కనిపించినట్టు. సంగీతంలో 'మా' అంటే రెండు దెబ్బల మధ్య ఉన్న చోటు. దాన్ని వదిలేసిన చోటు అనుకుంటే తాళం తప్పుతుంది. అది కూడా వాయించాల్సిందే. వాయించాలంటే దానికో పేరు కావాలి, ఆ పేరు నోట్లో ఉండాలి.

ఇలా నోటితో వాయించడాన్ని కుచి షోగా అంటారు. మృదంగం నేర్చుకున్నవాళ్లకి ఇదేం కొత్త కాదు. తకధిమి, తకజొణు నోటికి వచ్చాకే గురువులు వేళ్లు మృదంగం మీద పెట్టనిస్తారు కదా. ఇక్కడా అంతే. డోజోలో, అంటే సాధన చేసే చోట, మొదటి రోజున నాకు కాగితం ఇవ్వలేదు. ఎదురుగా కూర్చోబెట్టి పలికించారు.

నగాదోకి కావలసిన మాటలు ఇవి. తోలు నడిమధ్య పూర్తి బరువుతో పడే దెబ్బ 'దోన్'. అదే లెక్కలో రెండు దెబ్బలు పట్టేలా కొడితే 'దొకో', అందులో 'దొ' కుడిచేయి, 'కో' ఎడమచేయి. చెక్క అంచు మీద కొడితే 'కా', అక్కడే రెండు గబగబా పడితే 'కర'. ఖాళీకి 'సు'. షిమె తైకో గొంతు సన్నగా, గట్టిగా ఉంటుంది కాబట్టి దాని మాటలు వేరు: 'తెన్', 'తెకె'. బృందాన్ని బట్టి ఈ మాటలు కాస్త మారతాయి. మీరు నేర్చుకునే చోట వేరేలా పలికితే వాళ్ల పద్ధతే పట్టుకోండి.

'దోన్' అనేటప్పుడు చివరి 'న్' మీద శ్రద్ధ పెట్టండి. తెలుగువాళ్లం 'డోన్' అని గట్టిగా అనేసి ఆపేస్తాం. అలా వద్దు. నాలుక పళ్లకి తగిలి, ముక్కులో మోగుతూ పోవాలి: దోన్న్న్. నగాదోని ఒకే చెట్టు మానులోంచి తొలుస్తారు, ఎక్కువగా కెయాకి కలపతో. లోపలంతా బోలు కాబట్టి దెబ్బ పడ్డాక కూడా శబ్దం లోపల తిరుగుతుంది. మీ నోట్లో ఆ మోత లేకపోతే రేపు మీ చేతికీ రాదు. తోలు మీద బాచిని అదిమి పట్టేస్తారు.

ఇప్పుడు మొదలుపెడదాం. ఫోన్లో మెట్రోనోమ్ 60 మీద పెట్టండి. నిలబడే సాధన చేయండి, కాళ్లు పోయినసారి చెప్పినట్టే. కుడి అరచేత్తో కుడి తొడ మీద మెల్లగా లెక్క వేస్తూ:

దోన్ – దొకో – దోన్ – దొకో

నాలుగు లెక్కలు. ఒకటికి, మూడుకి దోన్. రెండుకి, నాలుగుకి దొకో. గుర్రం నడకలా వినిపిస్తుంది. పాట కింద ఆగకుండా నడిచే ఇలాంటి వరసని 'జి' అంటారు, అంటే నేల. బృందంలో ఎక్కువగా షిమె వాయించేవాళ్లు ఈ నేలని పట్టుకుని ఉంటారు. వాళ్లని ఎవరూ ఫోటో తీయరు, కానీ వాళ్లు తడబడితే పాట మొత్తం కూలిపోతుంది. ఐదు నిమిషాలు ఆపకుండా పలకండి. రెండో నిమిషంలో విసుగొస్తుంది, మూడో నిమిషంలో మీకు తెలియకుండానే వేగం పెరుగుతుంది. అది పెరిగిన క్షణాన్ని పట్టుకోవడమే మొదటి రోజు పని.

రెండో రోజు ఇది:

దోన్ – దోన్ – దొకో – దోన్
దోన్ – సు – దొకో – దోన్

రెండు వరసలకీ తేడా ఒక్క చోటే, రెండో లెక్క. మొదటి వరసలో అక్కడ దెబ్బ ఉంది, రెండో వరసలో లేదు. 'సు' అనేటప్పుడు గాలి పళ్ల సందులోంచి మెల్లగా పోవాలి, లోపలికి పీల్చకండి. పొట్ట వదులుగా ఉంచండి. చాలామంది ఖాళీ రాగానే ఊపిరి బిగబట్టి, తర్వాతి దెబ్బని ముందుకి లాక్కుంటారు. నేను మొదటిసారి జనం ముందు వాయించినప్పుడు సరిగ్గా అదే చేశాను. అందరూ ఆగిన చోట నేనొక్కణ్ణే సగం లెక్క ముందు పడ్డాను. వీధంతా వినిపించింది. పక్కనున్న పెద్దావిడ నా వైపు తిరగనైనా తిరగకుండా "సోరె!" అని గట్టిగా అరిచి, ఆ కేకతోనే నన్ను మళ్లీ లెక్కలోకి లాగేసింది. ఆ కేకల్ని కకెగోఎ అంటారు. ఉత్సాహం కోసం అరుస్తారని చూసేవాళ్లు అనుకుంటారు. నిజానికి అవి ఒకళ్లకొకళ్లు అందించుకునే చేయూత. అవి ఎక్కడ, ఎలా వేయాలో ఐదో పాఠంలో చూద్దాం.

మూడో రోజు అంచు దెబ్బలు కలుపుదాం:

దోన్ – కర – దోన్ – కా

'కా' అన్నప్పుడు గొంతు పొడిగా, చిన్నగా తెగిపోవాలి. దోన్ ఎంత సాగిందో కా అంత పొట్టిగా ఉండాలి. ఈ రెండిటి తేడా మీ నోట్లో స్పష్టంగా వినిపిస్తే మీరు సరైన దారిలో ఉన్నట్టే. నాలుగో రోజు మూడు రోజుల వరసల్నీ ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కొక్కటి నాలుగేసి సార్లు, మధ్యలో ఆగకుండా పలకండి. ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. మెట్రోనోమ్ టిక్కు మీద మీ 'సు' కూడా పడుతోందా లేదా అన్నదే చూడాలి.

ఐదో రోజు బాచి తీయండి. ఇంట్లో తైకో ఎవరికీ ఉండదు. ఉన్నా అపార్ట్‌మెంట్‌లో వాయించలేం. పంక్చర్ షాపులో పాత కారు టైరు ఒకటి అడగండి. కడిగి ఆరబెట్టి, మధ్యలో ఉన్న బోలు మీదుగా వెడల్పాటి ప్యాకింగ్ టేపుని అడ్డంగా, నిలువుగా, మూలలకి బిగుతుగా లాగి నాలుగైదు పొరలు వేయండి. బాచి ఎగిరి వెనక్కి రావాలి. విదేశాల్లో ఎన్నో బృందాలు ఇలాంటి టైర్ల మీదే నేర్చుకున్నాయి. కింద పాత బొంత వేస్తే కింది ఇంటివాళ్లకి ఇబ్బంది ఉండదు. నోటితో పలుకుతూనే కొట్టండి. నోరు ఆగితే చేయి కూడా ఆపేయండి.

చేయి ఎత్తినప్పుడు బాచి కొన పైకప్పుని చూడాలి. దించేటప్పుడు బలం పెట్టకండి, చేతి బరువు తనంతట తాను పడనివ్వండి. దెబ్బ తగిలే ముందు క్షణంలో మాత్రమే పిడికిలి కొంచెం బిగుస్తుంది. ఈ ఒక్క సంగతికి నాకు ఏడాది పట్టింది, అందుకే ఇప్పుడే చెబుతున్నాను.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను. గుంపుగా ఇన్ని తైకోలు కలిపి వాయించడం వేల ఏళ్ల ఆచారం అని చాలామంది అనుకుంటారు. తైకో పాతదే. గుళ్లలో, పండగల్లో, 'నో' అనే పాత జపాన్ నాటకాల్లో శతాబ్దాలుగా ఉంది. ఈ గుంపు పద్ధతి, అంటే కుమిదైకో మాత్రం 1951లో నగానో ప్రాంతంలోని సువాలో మొదలైంది. ఓగుచి దైహాచి అనే జాజ్ డ్రమ్మర్ ఒక పాత తైకో స్వరలిపిని చూసి, ఒక్కరే ఎందుకు వాయించాలి అని రకరకాల తైకోలకి పంచి ఇచ్చాడు. 1959లో టోక్యోలో పుట్టిన సుకెరోకు తైకో, మనం నిలబడే ఈ ఏటవాలు స్టాండు పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. అంతకు ముందు టోక్యో పండగలకి ఐదుగురి మేళం ఉండేది: ఒక పెద్ద తైకో, రెండు షిమెలు, ఒక వేణువు, ఒక గంట. మే మూడో వారాంతంలో అసకుసాలో సంజా మత్సురి జరిగినప్పుడు ఇప్పటికీ ఆ మేళం వినొచ్చు. దానికి మూలం కసాయ్ బయాషి అనే పాత మేళం, 18వ శతాబ్దం మొదట్లో పుట్టింది. అప్పట్లో కసాయ్ అంటే టోక్యో తూర్పు వైపున్న పెద్ద ప్రాంతం. ఇవాళ మనవాళ్లు ఇన్ని కుటుంబాలు ఉంటున్న నిషి కసాయ్ పేరులో మిగిలింది ఆ కసాయే. నాకది తెలిసిన రోజున స్టేషన్లో పేరు బోర్డు దగ్గర కాసేపు నిలబడిపోయాను.

ఇంకో మాట కూడా చెప్పకుండా ఉండలేను. మీరు కొట్టబోయే తోలు ఆవుది. దాన్ని ఒలిచి, నానబెట్టి, సాగదీసి, మేకులతో బిగించిన చేతుల్ని జపాన్ సమాజం చాలా కాలం దూరం పెట్టింది. 1871లో చట్టం ఆ భేదాన్ని రద్దు చేసినా, పెళ్లిళ్ల దగ్గర, ఉద్యోగాల దగ్గర అది పోలేదు. ఒసాకాలో నానివా అనే పేట తరతరాలుగా తైకోలు తయారుచేసిన చోటు. చేసేది వాళ్లు, వాయించి చప్పట్లు అందుకునేది వేరేవాళ్లు. 1987లో ఆ పేట యువకులు తామే బాచి పట్టుకుని ఒక బృందం పెట్టుకున్నారు. దాని పేరు 'ఇకారి', అంటే ఆగ్రహం. డప్పు చేసి, డప్పు కొట్టి, ఊరి బయటే బతకాల్సి వచ్చిన మాదిగ పెద్దల కథ తెలిసినవాళ్లకి నేను ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు. డోజోలో సాధన మొదలయ్యే ముందు తైకోకి వంగి నమస్కరిస్తాం. నేను ఆ నమస్కారం ఆ చేతులకి పెడతాను.

మళ్లీ పనిలోకి వద్దాం. ఆరో రోజు, ఏడో రోజు ఒకే సాధన. మెట్రోనోమ్ 72కి పెంచి, రెండో రోజు వరసల్లో రెండోదాన్ని మాత్రమే తీసుకోండి. దోన్ – సు – దొకో – దోన్. ఎనిమిది సార్లు పైకి పలుకుతూ కొట్టండి. తర్వాత ఎనిమిది సార్లు పెదాలు మాత్రమే కదిలిస్తూ, చప్పుడు లేకుండా. చివరి ఎనిమిది సార్లు పెదాలు కూడా మూసేయండి. 'సు' వచ్చినప్పుడు బాచిని టైరుకి వేలెడు ఎత్తులో ఆపి చూడండి, మణికట్టు వణుకుతోందా? వణికితే భుజం బిగుసుకుందని అర్థం. భుజం కిందికి జార్చి మళ్లీ మొదటి ఎనిమిదికి వెళ్లండి.

వచ్చే పాఠంలో ఒరోషి మొదలుపెడతాం, చాలా నెమ్మదిగా ఒక్కో దోన్‌తో మొదలై, దెబ్బల మధ్య చోటు తగ్గుతూ తగ్గుతూ వర్షంలా కలిసిపోయే వరస. దానికి మెట్రోనోమ్ పనికిరాదు. అందుకే ఈ వారం రికార్డింగుల్లో ఒక మంచిదాన్ని చెరిపేయకుండా ఉంచుకోండి. దాంతోనే మొదలుపెడదాం.