పైథాన్ లాగ్‌లు సిస్‌లాగ్‌కి చేరడం లేదా? ముందు అడ్రస్ చూడండి

పైథాన్ లాగ్‌లను సిస్‌లాగ్‌కి, అంటే లినక్స్ సిస్టం లాగ్‌లను సేకరించే సర్వీసుకి, పంపడానికి సిస్‌లాగ్‌హ్యాండ్లర్ పెట్టారు, ఎర్రర్ ఏమీ రాలేదు, కానీ లాగ్‌లో ఒక్క లైనూ లేదు. రెండు రోజులు నేను ఇందులోనే కొట్టుకున్నాను. అడ్రస్ ఇవ్వకపోతే ఆ హ్యాండ్లర్ మెసేజ్‌లను లోకల్‌హోస్ట్ 514 పోర్టుకి యూడీపీలో పంపుతుంది. చాలా లినక్స్ మెషీన్లలో ఆ పోర్టులో వినేవాళ్లే ఉండరు. యూడీపీ కదా, అందలేదని చెప్పే దిక్కూ ఉండదు.

అడ్రస్‌గా '/డెవ్/లాగ్' ఇవ్వండి, ఆ సాకెట్ ద్వారా నేరుగా చేరతాయి. (కంటైనర్ లోపల ఆ సాకెట్ మామూలుగా ఉండదు, బయటి నుంచి మౌంట్ చేయాలి.)

ఇంకోటి, హ్యాండ్లర్ ఐడెంట్‌లో (ప్రతి మెసేజ్ ముందు చేరే మాట) ప్రోగ్రాం పేరు, కోలన్, ఒక ఖాళీ పెట్టండి: 'బిల్లింగ్: ' ఇలా. అది లేకపోతే అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు ఏ లైను ఎవరిదో వెతుక్కోవడం నరకం. ఫెసిలిటీ (మెసేజ్ ఏ వర్గానిదో చెప్పే గుర్తు) కూడా లోకల్0 నుంచి లోకల్7 లోపు ఒకటి ఎంచుకుంటే మీ లాగ్‌లను వేరే ఫైల్లోకి మళ్లించడం తేలిక.

పక్క టెర్మినల్లో సిస్టం లాగ్‌లను చూపే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌ని ఎఫ్ ఆప్షన్‌తో (కొత్త లైన్లు వచ్చినవి వచ్చినట్టు కనిపిస్తాయి) నడిపి, వార్నింగ్ స్థాయి మెసేజ్ ఒకటి పంపి చూడండి. ఇన్ఫోతో పరీక్షించకండి, లెవెల్ మార్చకపోతే పైథానే దాన్ని ఆపేస్తుంది.