ఆన్‌లైన్ జూదం: మీరున్న చోటి చట్టం, డబ్బు వెళ్లే దారి ఎలా సరిచూసుకోవాలి?

హడ్సన్ నదికి ఒక ఒడ్డున న్యూయార్క్, రెండో ఒడ్డున న్యూజెర్సీ. 2018 మే 14న అమెరికా సుప్రీంకోర్టు క్రీడా పందేల మీదున్న పాత కేంద్ర నిషేధాన్ని కొట్టేసింది. ఆ ఏడే న్యూజెర్సీలో ఫోన్లో పందెం కాయడం మొదలైంది. న్యూయార్క్‌లో మాత్రం అదే పనికి 2022 జనవరి 8 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ మధ్యకాలంలో న్యూయార్క్ వాళ్లు కొందరు జార్జ్ వాషింగ్టన్ వంతెన దాటి, ఇంకొందరు సైకిలు తొక్కుకుంటూ పోయి, అవతలి ఒడ్డున ఫోన్ తీసి పందెం కాసి వెనక్కి తిరిగేవాళ్లు. మనిషి అతనే, ఫోన్ అదే, బ్యాంకు ఖాతా అదే. మారిందల్లా కాళ్ల కింది నేల.

ఆన్‌లైన్ జూదం గురించి జనం అడిగే ప్రశ్నల్లో సగం ఇక్కడే తేలిపోతాయి. "ఆ సైటుకి ఫలానా దేశంలో లైసెన్సు ఉందట కదా" అంటారు. ఉంటే ఉండొచ్చు, అది సైటు వాళ్ల గొడవ. మీకు వర్తించేది ఆ క్షణంలో మీరున్న చోటి చట్టం. ఇక ఆ సైటుకి మీరున్న చోట నిజంగా అనుమతి ఉందా లేదా అన్నది తెలియాలంటే, నన్నడిగితే, సైటు అడుగున మెరిసే లైసెన్సు ముద్ర కంటే డబ్బు కట్టే పేజీయే ఎక్కువ నిజం చెబుతుంది. ముద్రని ఎవరైనా అతికించుకోవచ్చు. బ్యాంకుని అతికించుకోవడం అంత తేలిక కాదు.

1. మీరున్న దేశం ఏ కోవలోదో ముందు చూసుకోండి

కొన్ని దేశాలు పూర్తిగా వద్దంటాయి. చైనా ప్రధాన భూభాగంలో ప్రభుత్వ లాటరీలు తప్ప మిగతా జూదమంతా చట్టవిరుద్ధమే. భారతదేశంలో 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న పాత తర్కాన్ని పక్కన పెట్టేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటైతే రమ్మీ అయినా, బొమ్మల చక్రాలు తిప్పే స్లాట్ అయినా ఒకటే. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు చేసేవాళ్లకు రెండేళ్లు, యాభై లక్షలు. ఈ చట్టంలో ఆడేవాళ్లకు శిక్ష లేదు. అలాగని గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చోవడానికి లేదు, ఎందుకంటే రాష్ట్రాల చట్టాలు విడిగా ఉన్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను వాటి కిందికి తెచ్చాయి.

కొన్ని దేశాలు తలుపు మూసి కిటికీ ఒకటి తెరిచి ఉంచుతాయి. సింగపూర్‌లో 2022 నాటి చట్టం ప్రకారం ఆన్‌లైన్ పందేలకు, లాటరీకి సింగపూర్ పూల్స్ అనే ప్రభుత్వ సంస్థ ఒక్కటే దారి. అనుమతి లేని సైటులో ఆడితే ఆడినవాడికే పదివేల సింగపూర్ డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. నార్వేలో నోర్స్క్ టిప్పింగ్ లాంటి ప్రభుత్వ గుత్తాధిపత్యం ఉంది. పైగా బయటి సైట్లకు డబ్బు పంపిపెట్టడాన్ని అక్కడ 2010 నుంచీ బ్యాంకులకు నిషేధించారు.

మూడో కోవ లైసెన్సు దేశాలు: బ్రిటన్, డెన్మార్క్, 2019 నుంచి స్వీడన్, 2021 నుంచి నెదర్లాండ్స్, జర్మనీ, 2022 ఏప్రిల్ నుంచి కెనడాలోని ఒంటారియో, 2025 జనవరి 1 నుంచి బ్రెజిల్.

చిక్కంతా సగం సగం దేశాలతోనే. ఆస్ట్రేలియాలో క్రీడా పందేల యాప్‌కి లైసెన్సు దొరుకుతుంది, ఆన్‌లైన్ క్యాసినోకి దొరకదు. మ్యాచ్ మొదలయ్యాక ఆన్‌లైన్లో పందెం కాయకూడదు, ఫోన్ చేసి మాత్రం కాయొచ్చు. ఇదేం తర్కమో నాకు ఇప్పటికీ అంతుపట్టదు కానీ చట్టం అదే. అమెరికాలో క్రీడా పందేలు ముప్పైకి పైగా రాష్ట్రాల్లో ఉన్నాయి. ఆన్‌లైన్ క్యాసినో మాత్రం న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మిషిగన్ లాంటి కొద్ది రాష్ట్రాల్లోనే. అందుకని "అమెరికాలో చెల్లుతుందా?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఏ రాష్ట్రం, ఏ ఆట అని అడగాలి.

2. ప్రయాణంలో ఉంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది

మీ దేశంలో తెరిచిన ఖాతా పక్క దేశంలో దిగగానే పనిచేయకపోవచ్చు, పనిచేసినా చెల్లకపోవచ్చు. లైసెన్సున్న అమెరికన్ యాప్‌లు పందెం తీసుకునే ముందు మీరు రాష్ట్ర సరిహద్దు లోపలే ఉన్నారా అని ఫోన్ లొకేషన్ చూసుకుంటాయి. వీపీఎన్ (మీరున్న చోటును దాచే సాఫ్ట్‌వేర్) పెట్టి తప్పించుకుందామనుకునేవాళ్లు ఒక చిన్న సంగతి మర్చిపోతారు. డిపాజిట్ చేసేటప్పుడు చాలా సైట్లు అడ్డుకోవు. గెలిచి డబ్బు తీసుకోబోయినప్పుడు గుర్తింపు పత్రం అడుగుతారు, చిరునామా అడుగుతారు, లాగిన్ చరిత్ర తిరగేస్తారు. నిబంధనల్లో "నిషిద్ధ ప్రాంతం నుంచి ఆడితే గెలుపు రద్దు" అన్న వాక్యం దాదాపు ప్రతి సైటులోనూ ఉంటుంది. ఓడినప్పుడు మాత్రం ఆ వాక్యం ఎవరికీ గుర్తుకు రాదు.

3. లైసెన్సును సైటులో కాదు, ప్రభుత్వ రిజిస్టరులో వెతకండి

బ్రిటన్ ఉదాహరణే తీసుకుందాం, చూడటానికి వీలుగా ఉంటుంది. అక్కడి గ్యాంబ్లింగ్ కమిషన్‌ లైసెన్సున్న సైటు అడుగున ఒక ఖాతా నంబరు ఉంటుంది. దాని మీద నొక్కకండి. నకిలీ సైటైతే ఆ నొక్కుడు నకిలీ పేజీకే తీసుకెళ్తుంది. కమిషన్ సైటును విడిగా తెరిచి, పబ్లిక్ రిజిస్టరులో ఆ నంబరు మీరే కొట్టండి. కంపెనీ పేరు వస్తుంది. అక్కడితో ఆగిపోకుండా డొమైన్ల (సైటు చిరునామాల) జాబితా తెరవండి. మీ బ్రౌజరులో ఉన్న చిరునామా అక్షరం పొల్లు పోకుండా ఆ జాబితాలో ఉండాలి. నిజమైన కంపెనీ నంబరును ఎత్తుకొచ్చి తన సైటు కింద పెట్టుకునేవాడు ఇక్కడ దొరికిపోతాడు. ఆ కంపెనీ మీద గతంలో చర్యలేమైనా తీసుకున్నారా అన్నది కూడా అదే రిజిస్టరులో కనిపిస్తుంది.

బ్రెజిల్ ఇంకా తేలిక చేసింది. అనుమతి ఉన్న సైటు చిరునామా "డాట్ బెట్ డాట్ బీఆర్" అనే ముగియాలి. వేరే ఏ ముగింపు ఉన్నా దానికి బ్రెజిల్ కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనట్టే.

మాల్టా (మధ్యధరా సముద్రంలోని ద్వీప దేశం), కురసావో (కరీబియన్ దీవి) ఇచ్చే లైసెన్సుల సంగతి విడిగా చెప్పాలి. ఐరోపా సమాఖ్య మొత్తానికి చెల్లే ఉమ్మడి జూదం లైసెన్సు అంటూ ఏదీ లేదు. మాల్టాలో అనుమతి ఉన్నంత మాత్రాన జర్మనీలో ఉన్నట్టు కాదు. తమ దేశపు లైసెన్సు లేని సైట్ల మీద ఆస్ట్రియా, జర్మనీ ఆటగాళ్లు పోగొట్టుకున్న డబ్బు కోసం దావాలు వేసి గెలిచారు కూడా. అయితే 2023లో మాల్టా ఒక చట్ట సవరణ చేసింది. తమ లైసెన్సుదార్ల మీద ఇతర దేశాల కోర్టులిచ్చే ఇలాంటి తీర్పులను మాల్టా కోర్టులు అమలు చేయనక్కర్లేదు అన్నది దాని సారాంశం. కాగితం మీద గెలిచినా డబ్బు చేతికి రావడం గగనమే. కురసావోలో ఏళ్లతరబడి నలుగురు మూల లైసెన్సుదార్లు తమ కింద వందల సైట్లకు ఉపలైసెన్సులు ఇచ్చుకుంటూ పోయారు. 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. ఇప్పటికీ పాత ఉపలైసెన్సు నంబరు చూపించే సైటు కనబడితే దాన్ని పాత క్యాలెండరులా చూడండి.

4. డబ్బు కట్టే పేజీని చదవండి, కట్టకండి

ప్రతి లైసెన్సు దేశానికీ ఒక డబ్బు దారి ఉంటుంది. బ్రెజిల్‌లో అది పిక్స్, కెనడాలో ఇంటరాక్, నెదర్లాండ్స్‌లో ఐడీల్, స్వీడన్‌లో బ్యాంక్‌ఐడీతో నడిచే ఖాతా చెల్లింపులు, స్విష్. బ్రిటన్‌లో డెబిట్ కార్డు, బ్యాంకు బదిలీ, పేపాల్ లాంటి వాలెట్లు. కాబట్టి మీరున్న దేశంలో నలుగురూ వాడే దారి ఆ పేజీలో లేకుండా అన్నీ కొత్త పేర్లే ఉంటే, స్థానిక బ్యాంకులు ఆ సైటును దగ్గరకు రానివ్వలేదని అర్థం.

ఉండాల్సింది లేకపోవడం ఒక గుర్తయితే, ఉండకూడనిది ఉండటం అంతకంటే పెద్ద గుర్తు. బ్రిటన్ 2020 ఏప్రిల్ 14 నుంచి క్రెడిట్ కార్డుతో జూదాన్ని నిషేధించింది. వాలెట్‌లో క్రెడిట్ కార్డుతో డబ్బు నింపి అటునుంచి ఆడటం కూడా కుదరదు. ఆస్ట్రేలియా 2024 జూన్ 11 నుంచి ఆన్‌లైన్ పందేలకు క్రెడిట్ కార్డులతో పాటు క్రిప్టోనూ ఆపేసింది. బ్రెజిల్‌లో క్రెడిట్ కార్డు, నగదు, క్రిప్టో మూడూ కుదరవు. డబ్బు ఆటగాడి సొంత పేరున్న ఖాతా నుంచే రావాలి, తిరిగి అక్కడికే పోవాలి. కనుక బ్రిటన్‌లో కూర్చున్నవాడికి ఒక సైటు "వీసా క్రెడిట్ తీసుకుంటాం" అని చెప్పిందంటే, రిజిస్టరు తెరవక ముందే దాని సంగతి తెలిసిపోయింది.

జర్మనీలో ఇంకో గుర్తు ఉంది. అక్కడ అన్ని సైట్లకూ కలిపి నెలకు మామూలుగా 1,000 యూరోలే డిపాజిట్ పరిమితి. దాన్ని ఒక కేంద్ర వ్యవస్థ లెక్కపెడుతూ ఉంటుంది. స్లాట్లలో ఒక్కో తిప్పుడుకు మామూలుగా ఒక యూరో మించకూడదు. "పరిమితి లేదు" అని ఊరించే సైటు జర్మనీ లైసెన్సు లేని సైటే.

కార్డు వాడితే తెర వెనక జరిగేది కూడా తెలిసి ఉండాలి. ప్రతి వ్యాపారానికీ కార్డు నెట్‌వర్కుల్లో నాలుగంకెల కోడ్ ఉంటుంది. జూదానికి 7995. మీ బ్యాంకు ఆ కోడ్ చూసి లావాదేవీని ఆపేయొచ్చు. క్రెడిట్ కార్డైతే చాలా బ్యాంకులు దాన్ని నగదు తీసుకున్నట్టు లెక్కేసి, గడువు ఏమీ ఇవ్వకుండా మొదటి రోజు నుంచే వడ్డీ వేస్తాయి, పైన రుసుము అదనం. అమెరికా 2006లో చేసిన చట్టం కూడా ఆడేవాళ్ల వెంట పడలేదు, అనుమతి లేని జూదానికి డబ్బు చేరవేసే ఈ దారినే పట్టుకుంది.

అందుకే అనుమతి లేని సైట్లు ఆ కోడ్ నుంచి తప్పించుకోవాలని చూస్తాయి. మీరు క్యాసినోలో డిపాజిట్ చేస్తారు, స్టేట్‌మెంట్‌లో ఏదో బట్టల దుకాణం పేరు పడుతుంది. లేదా సైటు ఒక క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. స్కాన్ చేస్తే కంపెనీ పేరు బదులు ఎవరో ఒక మనిషి పేరు వస్తుంది, రేపటికి ఆ పేరు మారిపోతుంది. చాట్‌లోకి వచ్చి "ఈ ఖాతాకి పంపి స్క్రీన్‌షాట్ పెట్టండి" అంటారు. ఇవన్నీ అద్దె ఖాతాలు. ఏదో కేసులో పోలీసులు వాటిని స్తంభింపజేస్తే, ఆ ఖాతాతో లావాదేవీ జరిపిన మీ ఖాతా కూడా ఆ వరసలోకి రావచ్చు. ఇక్కడ మీరు పోగొట్టుకునేది పందెం డబ్బు ఒక్కటే కాదు, నెల జీతం పడే ఖాతా కూడా.

క్రిప్టో గురించి ఒకే మాట: పంపాక వెనక్కి పిలిపించే నాథుడు లేడు.

5. తీసుకునే షరతులు ముందే చదవండి

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్నట్టుంటుంది చాలా సైట్ల తీరు. డిపాజిట్‌కి పది సెకన్లు, విత్‌డ్రాకి పది ప్రశ్నలు. బ్రిటన్‌లో 2019 మే నుంచి వయసు, గుర్తింపు తేలాకే డబ్బు వేయనివ్వాలి. ఏ పత్రమూ అడక్కుండా డబ్బు తీసుకుని, తర్వాత ఒక్కొక్కటీ అడిగే సైటు వరస తిరగబడిన సైటు.

"గెలుపు మీద పన్ను ముందుగా పంపండి, అప్పుడే విడుదల చేస్తాం" అన్నారంటే అది పచ్చి మోసం. పన్ను ఉన్న చోట గెలుపులోంచి కోసుకుంటారు, లేదా మీరే రిటర్నులో చూపించి ప్రభుత్వానికి కడతారు. బ్రిటన్‌లో ఆటగాడి గెలుపు మీద పన్నే లేదు. అమెరికాలో అది ఆదాయమే, చూపించి తీరాలి.

ఖాతాలో ఉంచిన డబ్బు ఎక్కడ ఉంటుందో కూడా చూడండి. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం మూడు పెద్ద పోకర్ సైట్ల చిరునామాలను స్వాధీనం చేసుకున్నాక, వాటిలో ఒకటైన ఫుల్ టిల్ట్ దగ్గర ఆటగాళ్లకు తిరిగివ్వడానికి సరిపడా డబ్బే లేదని బయటపడింది. తెర మీది బ్యాలెన్సు ఉత్త అంకె. బ్రిటన్ లైసెన్సు సైట్లు, తాము మునిగిపోతే ఆటగాళ్ల డబ్బుకు ఎంత రక్షణ ఉందో నిబంధనల్లో చెప్పి తీరాలి. అక్కడ "రక్షణ లేదు" అని రాసి ఉండటమూ చట్టబద్ధమే, చాలామంది ఆ గీత దాకా చదవరు.

6. ఆపే మీట ఎక్కడుందో తెలుసుకోండి

లైసెన్సు దేశాల్లో ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే అన్ని అనుమతి సైట్లూ మిమ్మల్ని బయటే ఉంచే జాబితాలున్నాయి. బ్రిటన్‌లో గామ్‌స్టాప్, స్వీడన్‌లో స్పెల్‌పౌస్, డెన్మార్క్‌లో రోఫుస్, నెదర్లాండ్స్‌లో క్రుక్స్, జర్మనీలో ఓయాసిస్, ఆస్ట్రేలియాలో 2023 ఆగస్టులో మొదలైన బెట్‌స్టాప్. కొన్ని బ్రిటిష్ బ్యాంకుల యాప్‌లో జూదం లావాదేవీలన్నీ ఆపేసే మీట కూడా ఉంటుంది, వెనకాల పనిచేసేది ఇందాకటి 7995 కోడే.

ఈ జాబితాలు అనుమతి ఉన్న సైట్లను మాత్రమే కట్టిపడేస్తాయి. ఆ సంగతి బయటి సైట్లకు బాగా తెలుసు. అందుకే "గామ్‌స్టాప్‌లో లేని క్యాసినోలు" అంటూ గర్వంగా ప్రకటనలు ఇచ్చుకుంటాయి. బ్రిటన్‌లో ఉన్నవాడికి అలాంటి ప్రకటన కనబడితే రిజిస్టరు, డొమైను, డబ్బు పేజీ ఇవేవీ చూడనక్కర్లేదు. తమకు అక్కడ లైసెన్సు లేదని వాళ్ల నోటితో వాళ్లే చెప్పేశారు.