దున్నని మాగాణిలో మొక్కజొన్న: ఎకరా లెక్క వేసే పద్ధతి

గుంటూరు, కృష్ణా, పశ్చిమ గోదావరి మాగాణుల్లో ఒకప్పుడు వరి తర్వాత మినుమే. కోతకు రెండు మూడు రోజుల ముందు, మడిలో మైనపు పదును ఉండగా గింజలు చల్లేసేవారు. దుక్కి లేదు, తడి లేదు, ఖర్చూ పెద్దగా లేదు. ఆకులు పచ్చబడే పల్లాకు తెగులు, పైరును అల్లుకుని పీల్చే బంగారు తీగ కలుపు కలిసి ఆ పంటను దెబ్బతీశాయి. కాలువ నీళ్ళు ఆలస్యమై వరి కోతలు వెనక్కి జరిగాయి. అప్పుడు రైతులు అదే కొయ్యకాళ్ళ మధ్య, దున్నకుండానే మొక్కజొన్న గుచ్చడం మొదలుపెట్టారు. తెలంగాణలో వరి తర్వాత యాసంగి మొక్కజొన్న వేసే చోట కూడా, బరువు నేలలు ఉండి నీటికి హామీ ఉంటే ఇది నడుస్తుంది.

ఈ పద్ధతి గురించి ఎక్కువగా వినిపించే మాట "దుక్కి ఖర్చు మిగులుతుంది" అని. అది నిజమే గాని, మిగిలేది ఎంతో కాగితం మీద వేసి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

దుక్కి మానేస్తే నిజంగా మిగిలేది

పంట మొత్తం లెక్క వేయనక్కర్లేదు. దున్నడానికీ దున్నకపోవడానికీ మధ్య మారే అంకెలు మాత్రం రాయండి. కింది ధరలు ఉదాహరణకే, వాటి స్థానంలో మీ ఊరి ధరలు వేసుకోండి. గొర్రు రెండు సార్లు 2,400, రోటవేటర్ ఒకసారి 1,500, బోదెలు తోలడం 900. మొత్తం 4,800 రూపాయలు తగ్గాయి. ఇప్పుడు పెరిగినవి: తాడు పట్టి గింజ గుచ్చడానికి అదనపు కూలి 1,000, కొయ్యకాళ్ళ చిగుర్లు, కలుపు అణచడానికి మందు, పిచికారీ 1,000, ఎరువు చల్లకుండా మొక్క మొక్కకూ గుచ్చి వేయడానికి అదనపు కూలి 1,200. మొత్తం 3,200. తేడా 1,600 రూపాయలు, అంతే.

క్వింటాలు 2,200 అనుకుంటే 1,600 రూపాయలంటే సుమారు 73 కిలోల గింజలు. వరుసల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు 33 వేల పైచిలుకు మొక్కలు పడతాయి. 35 క్వింటాళ్ళు పండితే మొక్కకు నూరు గ్రాములు దాటి వచ్చినట్టు. అంటే ఆ 73 కిలోలు దాదాపు 700 మొక్కల పంట. నూటికి రెండు మొక్కలు పోయాయంటే దుక్కిలో మిగిలిన డబ్బు పోయినట్టే. పక్క మొక్క కాస్త పెద్ద కండె వేసి కొంత పూడుస్తుంది, కానీ నూటికి పది ఖాళీలుంటే పూడ్చలేదు. దున్నని చేలో లాభనష్టాలు ట్రాక్టర్ దగ్గర కాదు, మొలక దగ్గర తేలతాయి.

రెండో లాభం రోజుల్లో ఉంది, అదే అసలైనది. తడి మాగాణి దుక్కికి ఆరాలి, దున్నాలి, పెళ్ళలు చితకాలి, మళ్ళీ తడి పెట్టాలి. పది నుంచి పదిహేను రోజులు ఇట్టే పోతాయి. దున్నకపోతే ఆ రోజులు మిగులుతాయి, నేలలో ఉన్న తేమ మొలకకు పనికొస్తుంది, ఒక తడి కూడా కలిసొస్తుంది.

అందుకే విత్తే తేదీని వెనక నుంచి లెక్కపెట్టండి. 120 రోజుల హైబ్రిడ్‌ను డిసెంబరు 20న గుచ్చితే కోత ఏప్రిల్ 19కి. మీ కాలువ కట్టేసే తేదీ ఆ పంట గింజ పాలుపోసుకునే దశకు ముందే ఉంటే, బోరు గానీ ఇంజను గానీ ఉందా అన్నది ముందే తేల్చుకోవాలి. జనవరి 15 దాటాక మొక్కజొన్న గుచ్చడం మాకు సమ్మతం కాదు. గింజ కట్టే వేళకు ఎండ ముదురుతుంది, నీళ్ళు అయిపోతాయి. నీరు తక్కువని ముందే తెలిస్తే అదే కొయ్యకాళ్ళలో జొన్న మేలు. ఎకరాకు 4 కిలోల విత్తనం, రెండు మూడు తడులతో పంట గట్టెక్కుతుంది.

పని వరి కోతతోనే మొదలవుతుంది

కోతకు వారం పది రోజుల ముందే మడిలో నీళ్ళు తీసేయండి. బురదలో టైర్ల కోత మిషన్ దిగితే లోతుగా గాడులు పడతాయి. ఆ గాడుల్లో నీరు నిలిచి గింజ కుళ్ళుతుంది, గట్టుగా మిగిలిన చోట ఆరిపోయి మొలవదు. తప్పదనుకుంటే చైన్ మిషన్ పిలవండి, గంటకు ఎక్కువ తీసుకున్నా ఇక్కడ దండగ కాదు. కొయ్యకాళ్ళు నేలకు దగ్గరగా కోయించండి. ఎత్తుగా వదిలితే తాడు సరిగ్గా పడదు, దుబ్బులు మళ్ళీ చిగురిస్తాయి.

మిషన్ వెనక వరసగా పడ్డ గడ్డిని తగలబెట్టకండి. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటాయి. కాలిస్తే నత్రజని గాలిలో కలుస్తుంది. కట్టలు కట్టించి అమ్మితే పొటాష్ చేను దాటి పోతుంది. ఆ 25 కిలోలు దాదాపు 42 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌తో సమానం. గడ్డి ధర ఒప్పుకునేటప్పుడు ఆ ఎరువు ధర పక్కన పెట్టి చూడండి. పశువులున్నవారు గడ్డి తీసుకోక తప్పదు, వారు పెంట తిరిగి చేలో వేస్తే లెక్క సరిపోతుంది. తీయకపోతే గడ్డిని చేనంతా పలచగా పరిచేయండి. కుప్పల కింద మొలక రాదు.

గింజ గుచ్చడం

అడుగు వేస్తే కాలు దిగబడకూడదు, పిడికిట్లో పట్టిన మట్టి ముద్ద అవ్వాలి. అదీ పదును. అంతకంటే ఆరితే పలచగా ఒక తడి ఇచ్చి, నీరు ఇంకాక గుచ్చండి. ఎకరాకు 8 కిలోల విత్తనం. శుద్ధి చేయని విత్తనమైతే కిలోకు 3 గ్రాముల థైరమ్ గానీ మాంకోజెబ్ గానీ పట్టించండి. 20 సెంటీమీటర్లకు ఒక ముడి వేసిన తాడును చేను పొడుగునా లాగి, ముడి ముడి దగ్గర మొన ఉన్న కర్రతో 3, 4 సెంటీమీటర్ల రంధ్రం చేసి ఒకే గింజ వేయాలి. రంధ్రం నోరు మాగిన పశువుల ఎరువు పొడితో గానీ పొడి మట్టితో గానీ మూయాలి. ఎక్కువమంది వదిలేసేది ఈ మూయడమే. నోరు తెరిచిన గుంట ఎలుకకూ పిట్టకూ పళ్ళెం పెట్టినట్టు. పైగా ఒక్క జల్లు పడితే అందులో నీరు నిలుస్తుంది. కూలీలతో బేరం ఎకరాకు ఇంత అని మాట్లాడేటప్పుడే, మూయడం కూడా అందులో ఉందని స్పష్టంగా చెప్పండి.

చేత్తో తోసే పళ్ళ చక్రం, ట్రాక్టర్‌కు తగిలించి దున్నకుండానే విత్తే జీరోటిల్ డ్రిల్ కూలిని బాగా తగ్గిస్తాయి. గడ్డి మందంగా ఉన్న చోట డ్రిల్ పళ్ళకు గడ్డి చుట్టుకుని గింజ పైపైనే పడుతుంది. అద్దెకు తెచ్చుకుంటే ముందు రెండు సాళ్ళు తోలించి, మట్టి తీసి గింజ ఎంత లోతులో పడిందో చూశాకే మిగతా చేను తోలించండి.

ఎనిమిదో రోజు చేలోకి ఒక టేపు తీసుకెళ్ళండి. ఒక వరుసలో 10 మీటర్లు కొలిచి మొక్కలు లెక్కపెడితే 50 ఉండాలి. అలా ఐదు చోట్ల చూడండి. సగటు 45 కంటే తగ్గితే ఆ రోజే ఖాళీల్లో నానబెట్టిన గింజ గుచ్చండి. పది రోజులు దాటాక గుచ్చినవి పక్క మొక్కల నీడలో పీలగా మిగిలి కండె వేయవు, విత్తనం ఖర్చు కూడా రాదు.

కలుపు

విత్తిన 48 గంటల్లోపు అట్రజిన్ 50 శాతం పొడి మందును ఎకరాకు తేలిక నేలల్లో 800 గ్రాములు, బరువు నేలల్లో కిలో, 200 లీటర్ల నీటిలో కలిపి తేమ మీద కొట్టాలి. పప్పుజాతి అంతరపంట వేసే ఆలోచన ఉంటే అట్రజిన్ వద్దు. అట్రజిన్ గింజ మొలిచే కలుపును ఆపుతుంది గాని వరి దుబ్బు చిగురును చంపదు. దానికోసం పారాక్వాట్ కలుపుతుంటారు. ఆ మందు కడుపులోకి పోతే విరుగుడు లేదు. మీ రాష్ట్రంలో ఆ రోజుకు అనుమతి ఉందో లేదో వ్యవసాయాధికారిని అడగండి, డబ్బా మీది మోతాదు దాటకండి, మొలక పైకి వచ్చాక కొట్టకండి, ఇంకో సీసాలోకి ఎప్పుడూ వంపకండి. తర్వాత లేచిన కలుపుకు 20 నుంచి 25 రోజుల మధ్య టెంబోట్రయోన్ 34.4 శాతం ఎకరాకు 115 మిల్లీలీటర్లు పనిచేస్తుంది.

ఎరువులో పోయే డబ్బు

యాసంగి మొక్కజొన్నకు ఎకరాకు 96 కిలోల నత్రజని, 32 కిలోల భాస్వరం, 32 కిలోల పొటాష్ కావాలి. దీన్ని బస్తాల్లోకి మారిస్తే డి.ఎ.పి. 70 కిలోలు, యూరియా 181 కిలోలు అంటే 45 కిలోల బస్తాలు నాలుగు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 53 కిలోలు. యూరియా బస్తా 266.50, డి.ఎ.పి. బస్తా 1,350 చొప్పున ఆ రెండింటికీ కలిపి మూడు వేల లోపే. చౌక కాబట్టి చేతికొచ్చినట్టు చల్లేస్తారు. దున్నని చేలో కొయ్యకాళ్ళ మీద, తడి నేల మీద పడ్డ యూరియా అమ్మోనియాగా ఎగిరిపోతుంది. రంగు రాలేదని మళ్ళీ ఇంకో బస్తా వేస్తారు.

డి.ఎ.పి. మొత్తం, పొటాష్ సగం, యూరియా 25 కిలోలు విత్తేటప్పుడు గానీ, 10 నుంచి 15 రోజుల్లో గానీ, మొక్కకు నాలుగు వేళ్ళ దూరంలో గుంట చేసి వేసి మూయండి. గింజకు తగిలితే మొలక మాడుతుంది. మిగతా యూరియా 52 కిలోల చొప్పున 25–30, 45–50, 60–65 రోజులకు. మిగిలిన పొటాష్ పూత దశలో. వరి–మొక్కజొన్న వరసగా వేసే నేలల్లో జింకు లోపం మామూలే. లేత ఆకుల్లో ఈనెకు అటూ ఇటూ తెల్లటి పట్టీలు కనిపిస్తే లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేట్ పిచికారీ చేయండి.

బోదెలు లేవు కాబట్టి మట్టి ఎగదోయడం కుదరదు. గాలివానకు పడిపోయే గుణం ఉన్న రకాలు ఇక్కడ వద్దు. మోకాలెత్తు, జల్లు–పీచు, పాలుపోసుకునే దశల్లో తడి తప్పకూడదు. పూత తర్వాత బెట్టకు గురైతే మసికుళ్ళు వచ్చి కాండం లోపల నల్లబడి చేను వాలిపోతుంది. అప్పటికి పెట్టుబడి మొత్తం నేలలో ఉంటుంది. కత్తెర పురుగుకు మొదటి నెలంతా సుడులు విప్పి చూడండి. తడి రంపపు పొట్టులాంటి పెంట కనిపిస్తే ఇమామెక్టిన్ బెంజోయేట్ లీటరుకు 0.4 గ్రాములు సుడిలో పడేలా కొట్టాలి.

మినుమా, మొక్కజొన్నా

మళ్ళీ ఉదాహరణ అంకెలే. మొక్కజొన్న పెట్టుబడి 38,000. 35 క్వింటాళ్ళు 2,200కు పోతే 39,000 మిగులు. 30 క్వింటాళ్ళు 2,000కు పోతే 22,000. మినుము పెట్టుబడి 14,000, ఐదు క్వింటాళ్ళు 7,000కు పోతే 21,000 మిగులు. మంచి ఏడు మొక్కజొన్న ముందుంటుంది, కొంచెం తగ్గిన ఏడు రెండూ సమానం. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవారికి 38,000 మీద ఐదు నెలలకు 3,800 వడ్డీ, 14,000 మీద నాలుగు నెలలకు 1,120. ఆ తేడాతో సమానం కాస్తా మినుము వైపు మొగ్గుతుంది. రెండో పంటకు విడిగా 15,000 కౌలు కట్టే రైతుకు మొక్కజొన్న పెట్టుబడి 53,000 అవుతుంది. ధర 2,200 ఉంటే 24 క్వింటాళ్ళు, 1,800కు పడితే 29 క్వింటాళ్ళు దాటితే గాని చేతి డబ్బు రాదు. 2025–26కు మొక్కజొన్న మద్దతు ధర 2,400 రూపాయలు. కొనుగోలు కేంద్రం మీ ఊరికి వస్తుందని ఖాయంగా తెలిసేదాకా ఆ అంకెతో లెక్క వేయకండి, నిరుడు మీ చేతికి వచ్చిన ధరతో వేయండి.

వరుసగా మూడో ఏడు మొక్కజొన్న వేసే మాగాణిలో ఒక ఏడు మినుముకు వదలమనే మేము చెబుతాం. ఎల్.బి.జి. 787, టి.బి.జి. 104 లాంటి పల్లాకు తట్టుకునే రకాలున్నాయి. ఇంకో సంగతి దాచకూడదు: తొలకరికి అదే నేలలో మళ్ళీ దమ్ము చేస్తాం, కాబట్టి దున్నకపోవడం వల్ల నేల నిర్మాణం ఏళ్ళ తరబడి బాగుపడుతుందన్న లాభాన్ని ఈ లెక్కలో వేసుకోవడానికి లేదు. ఏ ఏటి లాభం ఆ ఏటిదే. నేలకు సారం చేరేది మినుము వేళ్ళు, మొక్కజొన్న చొప్ప, ఎండాకాలం వానకు పచ్చిరొట్టగా చల్లిన పిల్లిపెసర, జీలుగ నుంచే.

అమ్మేటప్పుడు తేమ చూడండి. 20 శాతం తేమ ఉన్న క్వింటాలు 14 శాతానికి ఆరితే 93 కిలోలు. ఎండిన గింజ 2,200 పలికే రోజున పచ్చి గింజ విలువ 2,046. వ్యాపారి అంతకంటే తక్కువ చెబితే ఆ తేడాను మీ బరకాల అద్దె, కూలి, వాన భయం పక్కన పెట్టి చూసుకోండి. క్వింటాలుకు నూట యాభై తేడా వస్తుంటే 30 క్వింటాళ్ళకు 4,500. కళ్ళంలో నాలుగు రోజులు ఆరబెట్టడానికి అది చాలినంత కూలే.