కాలు మడత పడిందా? సోమవారం పొద్దున నేను చెప్పే మాటలు

సోమవారం వచ్చిందంటే తార్నాకలోని మా ఫిజియోథెరపీ క్లినిక్ ముందు చెప్పులు లెక్కపెట్టి ఎంతమంది వచ్చారో చెప్పలేను, చాలామంది ఒక కాలికే చెప్పు వేసుకుని వస్తారు. రెండో కాలికి క్రేప్ బ్యాండేజ్ ఉంటుంది. ఆదివారం యూనివర్సిటీ గ్రౌండ్‌లోనో పరేడ్ గ్రౌండ్స్‌లోనో బంతి వెనక పరుగెత్తి, గుంతలో కాలు పెట్టినవాళ్ళు. "నరం మీద నరం ఎక్కింది మేడమ్, ఒక్కసారి లాగి సరిచేయండి" అంటారు. నరం మీద నరం ఎక్కదు. పాదం లోపలికి మడత పడినప్పుడు చీలమండ బయటివైపు ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ సాగుతుంది, ఒక్కోసారి చిరుగుతుంది. లాగితే ఇంకా చిరుగుతుంది.

ముందు ఎక్స్‌రే సంగతి. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో దీనికి ఒక పద్ధతి చెప్పారు, నేనూ అదే వాడతాను. దెబ్బ తగలగానే, మళ్ళీ ఇప్పుడూ, నాలుగడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. కుంటుతూ వేసినా వేసినట్టే. తర్వాత రెండు పక్కలా చీలమండ ఎముక వెనక అంచుని, కింది కొస నుంచి పైకి 6 సెంటీమీటర్ల దాకా వేలితో నొక్కండి. పాదం బయటి అంచు మధ్యలో పొడుచుకొచ్చే ఎముకనీ, లోపలివైపు వంపు పైనుండే ఎముకనీ కూడా నొక్కండి. వీటిలో ఎక్కడ ఎముక మీద నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాల్సిందే. చిన్నపిల్లలూ, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళూ ఈ లెక్కలు వేసుకోకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

మొదటి రెండు మూడు రోజులు బ్యాండేజ్ వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టండి. పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండ్లు పెట్టండి. ఐస్ గుడ్డలో చుట్టి పది నిమిషాలు, అదీ నొప్పి తగ్గడానికే. ఐస్, విశ్రాంతి అనే సూత్రాన్ని 1978లో ప్రచారం చేసిన అమెరికా డాక్టర్ గేబ్ మిర్కినే, అవి రెండూ గాయం మానడాన్ని ఆలస్యం చేయొచ్చని తర్వాత మాట మార్చుకున్నారు. వేడి కాపడం, రుద్దడం మాత్రం వద్దు. పసుపు సున్నం పట్టు విషయంలో మా అత్తయ్యతో నేను గొడవ పడను, సున్నం ఎక్కువై చర్మం పొక్కకుండా చూసుకోమంటానంతే.

అసలు పని వాపు దిగాక మొదలవుతుంది. నా సంగతే చెప్తాను. ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) చదివేటప్పుడు ఖోఖోలో కాలు మడత పడింది. పది రోజుల్లో వాపు పోయింది, నేనూ మర్చిపోయాను. నెల తిరక్కుండానే మళ్ళీ అదే కాలు, ఈసారి హబ్సిగూడలో బస్సు దిగుతూ. పాదం ఎటు వాలుతోందో మెదడుకి చెప్పే వ్యవస్థ కూడా లిగమెంట్‌తోపాటు దెబ్బతింటుంది. నొప్పి పోయినంత మాత్రాన అది తిరిగి రాదు.

కూర్చుని, బొటనవేలితో గాలిలో అ నుంచి క్ష దాకా రాయండి. ఏబీసీడీలకంటే మన అక్షరాలకి వంపులెక్కువ, చీలమండ అన్ని వైపులా తిరుగుతుంది. నొప్పి ఓర్చుకునేంతే ఉంటే రెండో రోజు నుంచే రాయొచ్చు. తర్వాత వ్యాయామానికి వాడే రబ్బరు బ్యాండ్ పాదానికి తగిలించి, పాదంతోనే దాన్ని బయటివైపుకి లాగండి, పదిహేనేసి చొప్పున మూడుసార్లు. నిలబడి నొప్పి లేకపోతే గోడ పట్టుకుని మడమలెత్తండి, ముందు రెండు కాళ్ళ మీద, వారం పది రోజులకి ఒంటికాలి మీద. పళ్ళు తోముకునేటప్పుడు సింక్ పక్కనే దెబ్బ తగిలిన కాలి మీద 30 సెకన్లు నిలబడండి. అలవాటయ్యాక కళ్ళు మూసుకుని ప్రయత్నించండి, చేతికి అందేలా గోడ ఉండాలి. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు, నేను మాత్రం ఇదొక్కటీ మానొద్దని బతిమాలతాను.

ఆస్టియోపతీ గురించి కూడా అడుగుతుంటారు. 1874లో అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ మొదలుపెట్టిన, చేతులతో చేసే వైద్యం అది. బెణుకు తర్వాత కీలు బిగుసుకుని, గొంతుక్కూర్చుంటే మడమ లేస్తుంటే, చేత్తో కీలు కదిలించడం నిజంగా పనికొస్తుంది. నేనూ చేస్తాను. ఆ వదులు వచ్చిన రోజే వ్యాయామం చేయకపోతే మళ్ళీ బిగుస్తుంది. "ఎముక జరిగింది, పది సిట్టింగులకి ప్యాకేజీ" అనేవాళ్ళుంటే మాత్రం ఎక్స్‌రేలో చూపించమనండి. మాట వచ్చింది కాబట్టి, సెలూన్‌లో తల మాలిష్ అయ్యాక మెడ టక్కుమనిపించుకోవడం మానేయండి. అరుదుగానైనా మెడలోని రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

మళ్ళీ ఆట ఎప్పుడంటే, మామూలు బెణుక్కి రెండు మూడు వారాలు, చిరిగితే ఆరు వారాలో ఇంకా ఎక్కువో. నేను తేదీ ఇవ్వను, పరీక్ష పెడతాను. బాగున్న కాలితో ఒంటికాలి గెంతు ఎంత దూరం పడుతుందో చాక్‌పీస్‌తో గీత గీయండి. దెబ్బ తగిలిన కాలితో దాదాపు ఆ గీత దాకా నొప్పి లేకుండా గెంతి, తూలకుండా నిలబడగలగాలి. ఆ తర్వాత నేరుగా పరుగు, ఆ తర్వాతే మలుపులు. తూలితే ఆ ఆదివారం గ్రౌండ్‌కి వెళ్ళండి, కానీ అంపైరింగ్ చేయండి.